జట్టుగా తొలి క్రాస్‌కంట్రీ గుర్రపు స్వారీ: తిరుపతి, చిత్తూరు రౌతులకు సమగ్ర మార్గదర్శి

మన వైపు గుర్రం అంటే బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచేది, లేదంటే పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మోతకు తల ఆడించేది. సరదాకి స్వారీ నేర్చుకునేవాళ్ళు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. రింగులో కొన్నాళ్ళు గుండ్రంగా తిరిగాక ఎవరో ఒకరికి ఊపొస్తుంది: "ఎవరిదైనా మామిడితోట అడిగి, జట్లు కట్టి, క్రాస్‌కంట్రీ పెట్టుకుందాం." అందరూ సై అంటారు. ఎలా తయారవ్వాలి అనేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ వ్యాసం అలాంటివాళ్ళ కోసమే.

మొదటే ఒక సంగతి. జట్టు పోటీలో మీ దగ్గరున్న అతి వేగమైన గుర్రం మిమ్మల్ని గెలిపించదు. అన్నిటికంటే నెమ్మదైన గుర్రం, అందరికంటే బెదురుగా ఉండే రౌతు ఎక్కడుంటే మీ జట్టు అక్కడే ఉంటుంది. కాబట్టి కింద చెప్పేదంతా ఆ ఇద్దరిని దృష్టిలో పెట్టుకునే చదవండి.

పోటీ ఏమిటో ముందు కనుక్కోండి

క్రాస్‌కంట్రీ అంటే ఆరుబయట, ఎగుడుదిగుడు నేల మీద, మొద్దులు, గట్లు, కాలువలు, నీళ్ళు దాటుకుంటూ సాగే స్వారీ. షో జంపింగ్‌లో (మైదానంలో కర్రలు దూకించే పోటీలో) గిట్ట తగిలితే కర్ర కిందపడుతుంది. ఇక్కడి మొద్దు కదలదు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

ఒలింపిక్స్‌లో ఇది ఈవెంటింగ్ (డ్రెస్సాజ్ అనే కవాతు స్వారీ, క్రాస్‌కంట్రీ, షో జంపింగ్ మూడూ కలిసిన పోటీ)లో ఒక భాగం. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈవెంటింగ్ మొదలైంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు ఈవెంటింగ్‌లో జట్టు స్వర్ణం గెలిచారు, వ్యక్తిగత స్వర్ణం రఘుబీర్ సింగ్‌కి దక్కింది. 2018లో ఫవాద్ మీర్జా వ్యక్తిగత రజతం తెచ్చాడు, జట్టుకీ రజతమే వచ్చింది. వాళ్ళు దూకే ఎత్తులతో మనకు పనిలేదు. మనకు దగ్గరగా ఉండేది బ్రిటన్‌లో ఆడే టీమ్ ఛేజింగ్. అందులో నలుగురు ఒకేసారి బయలుదేరతారు. మూడో గుర్రం గీత దాటినప్పుడు గడియారం ఆపుతారు. అంటే ఒకరు వెనకబడినా ఫరవాలేదు, ఇద్దరు వెనకబడితే మాత్రం ముందున్నవాడి వేగం బూడిదలో పోసిన పన్నీరే.

సరదా పోటీకి ఈ పద్ధతినే చిన్నది చేసుకుంటే సరిపోతుంది: ముగ్గురు లేదా నలుగురు, రెండు మూడు కిలోమీటర్ల దారి, 60 సెంటీమీటర్లకు మించని పది పదిహేను అడ్డంకులు. వద్దనుకున్న అడ్డంకిని చుట్టి వెళ్ళే వీలు ఉండాలి. అందరికంటే ముందు వచ్చినవాళ్ళకు కాకుండా, ముందే నిర్ణయించిన సమయానికి దగ్గరగా వచ్చిన జట్టుకు బహుమతి ఇస్తే ఇంకా మంచిది. కొత్తవాళ్ళను వేగం మీద పోటీ పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

పేరు ఇచ్చే ముందు నిర్వాహకులను ఇవి అడగండి. గరిష్ఠ ఎత్తు ఎంత? ఎందరి సమయం లెక్కలోకి వస్తుంది? గుర్రం మొరాయిస్తే ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చు? పశువైద్యుడు, అంబులెన్సు అక్కడే ఉంటాయా, పిలిస్తే వస్తాయా? ట్రాక్ నడిచి చూసే అవకాశం ఎప్పుడు? ఈ చివరి ప్రశ్నకు "అవసరం లేదు, చిన్న దూకుళ్ళే" అని జవాబొస్తే ఆ పోటీకి వెళ్ళకండి.

సమయం లెక్క తేలికే. గుర్రం నడిస్తే నిమిషానికి సుమారు 100 మీటర్లు, ట్రాట్‌లో (చిన్న పరుగులో) 220, నిదానమైన క్యాంటర్‌లో (అంగలేసే పరుగులో) 350 దాకా పోతుంది. 2,400 మీటర్ల దారిని నిమిషానికి 300 చొప్పున వెళితే 8 నిమిషాలు. మొదటిసారికి ఇదే మంచి లక్ష్యం. ఈ వేగం ఒంటికి పట్టాలంటే ఒక బీడులో 300 మీటర్లు కొలిచి రెండు చివరలా గుర్తు పెట్టి, సరిగ్గా నిమిషంలో దాటడం సాధన చేయండి. మొదట్లో దాదాపు అందరూ 45 సెకన్లకే వచ్చేస్తారు.

జట్టు కట్టడం

స్నేహం చూసి కాదు, గుర్రాల గుణం చూసి జట్టు కట్టండి. తన్నే గుర్రం ఎంత మంచిదైనా జట్టుకు పనికిరాదు. కొంచెం అనుమానం ఉన్నా తోకకు ఎర్ర రిబ్బను కట్టాలి. అది కనబడితే ఎవరూ వెనక దగ్గరగా రారు. అనుభవం లేని పిల్ల గుర్రానికి ఆకుపచ్చ రిబ్బను. మార్వారీ జాతి మగగుర్రాలు మన వైపు బాగానే కనబడతాయి. వాటిని ఆడగుర్రంతో ఒకే జట్టులో పెట్టే సాహసం మొదటి పోటీకి వద్దు.

స్వారీ స్కూళ్ళలో ఉండే పెద్ద గుర్రాల్లో చాలావరకు చెన్నై, బెంగళూరు, హైదరాబాదు రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు, అంటే పందేల కోసమే పెంచే జాతివి. మనిషిని ఏమీ అనవు, చెప్పిన మాట వింటాయి. కానీ పక్కనుంచి ఇంకో గుర్రం దూసుకెళ్ళిందా, పాత రోజులు గుర్తొచ్చేస్తాయి. అప్పుడు పగ్గాలు ఎంత లాగినా వినవు. ఈ గుణం పోటీ రోజు తెలుసుకునేది కాదు, మొదటి వారంలోనే బయటపెట్టి చూడాలి.

వరస ఇలా ఉంటే బాగుంటుంది. ముందు, ధైర్యం ఉండి వేగం పెంచని గుర్రం. రెండో స్థానంలో అనుమానపు గుర్రం. ముందున్నది దూకితే ఇదీ దూకుతుంది. చివర్లో, అందరూ వెళ్ళిపోయినా కంగారుపడని నిబ్బరమైన గుర్రం. చాలామంది బలహీనమైనదాన్ని ఆఖర్న వదిలేస్తారు. అది ఒకసారి మొరాయించిందంటే మిగతావి కనుమరుగై దాని బెదురు రెట్టింపవుతుంది.

రౌతుకు కావాల్సిన కనీస అర్హత: ఆరుబయట క్యాంటర్‌లో ఉన్న గుర్రాన్ని పదిహేను ఇరవై మీటర్లలో నడకకు తేగలగాలి. జీను మీద కూర్చోకుండా రికాబుల మీద బరువు పెట్టి, ముందుకు వంగి, మూడు నాలుగు నిమిషాలు నిలవగలగాలి. రింగులో 60 సెంటీమీటర్ల కర్రను తొణక్కుండా దూకగలగాలి. ఇందులో ఏది రాకపోయినా ఈసారికి అడ్డంకి దగ్గర జడ్జిగా నిలబడండి. పది జట్లు ఒకే మొద్దును ఎలా దాటుతున్నాయో చూస్తే నెల రోజుల పాఠం అక్కడే దొరుకుతుంది.

రెండు నెలల ముందు: గుర్రం ఒళ్ళు

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉండడం మన అదృష్టం. అక్కడి కళాశాల 1955 నాటిది. పోటీకి రెండు నెలల ముందే పశువైద్యుడికి గుర్రాన్ని చూపించి గుండె, ఊపిరితిత్తులు, కాళ్ళు, పళ్ళు పరీక్ష చేయించండి. పళ్ళ అంచులు పదునెక్కితే కళ్ళెం గుచ్చుకుని తల విదిలిస్తుంది, మనం దాన్ని పొగరు అనుకుంటాం. ధనుర్వాతం, ఇన్‌ఫ్లుయెంజా టీకాలు ఎప్పుడు వేశారో రాసి పెట్టుకోండి.

నాలుగైదు చోట్ల నుంచి గుర్రాలు ఒకచోట చేరుతున్నాయంటే గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష తప్పదు. ఇది మనుషులకూ అంటుకునే జబ్బు. 2009 నాటి అంటువ్యాధుల చట్టం కింద ప్రభుత్వానికి తెలియజేయాల్సినది. గుర్రాల్లో దీనికి వైద్యం చేయరు, సోకినదాన్ని చంపేయాల్సిందే. "మాది ఇంట్లో పెరిగిన గుర్రమే కదా" అని ఎవరైనా రిపోర్టు లేకుండా వస్తే మొహమాటపడకుండా గేటు దగ్గరే ఆపాలి. వానల తర్వాత జోరీగలు ఎక్కువైనప్పుడు సుర్రా అనే జబ్బు కూడా వస్తుంది. వచ్చిపోయే జ్వరం, మేత తింటున్నా చిక్కిపోవడం, కాళ్ళకు వాపు కనబడితే రక్తపరీక్ష చేయించకుండా సాధన మొదలుపెట్టకండి.

మీ గుర్రం మామూలుగా ఎలా ఉంటుందో మీకే తెలియాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. శ్వాస 8 నుంచి 16. ఒంటి వేడి 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్. వారం రోజులు పొద్దున్నే చూసి గోడ మీద రాయండి. పోటీ రోజు డాక్టరు "ఎప్పుడూ ఇంతేనా?" అంటే చెప్పడానికి ఉంటుంది.

లాడాలు ఐదారు వారాలకోసారి మారుస్తాం. పోటీకి వారం పది రోజుల ముందు కొత్తవి పడేలా లెక్క వేసుకోండి. ముందు రోజు కొట్టిస్తే మేకు ఒకటి లోతుగా దిగినా సరిచేసుకునే సమయం ఉండదు. సైస్ (గుర్రం బాగోగులు చూసే మనిషి) వచ్చి "ఈ లాడం ఊగతా ఉంది సార్, రాళ్ళలో నిలవదు" అంటే ఆ రోజు స్వారీ మానేసి లాడాలు కొట్టే ఆయన్ని పిలవండి. గుర్రం కాళ్ళ విషయంలో సైస్ మాట మన మాట కంటే ముందు.

మేత దగ్గర పెద్ద రహస్యాలేమీ లేవు. గుర్రం బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు గడ్డి, అంటే 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి. వట్టి వరిగడ్డితో గడిపేస్తే సత్తువ ఉండదు, పైగా కడుపులో గడ్డకట్టి శూల వచ్చే ప్రమాదం ఉంది. వేరుశనగ కట్టె వేసేటట్టయితే బూజు, మట్టి లేకుండా దులిపి వేయండి. నానబెట్టి ఉడికించిన ఉలవలు మంచివే, కానీ పోటీ ఉందని ఒక్కసారిగా రెట్టింపు చేయకండి. ఏ మార్పయినా వారం పది రోజుల మీద మెల్లగా జరగాలి. రోజుకు 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి.

ఎనిమిది వారాల సాధన

మొదటి రెండు వారాలు నడకే. రోజు విడిచి రోజు ముప్పావు గంట నుంచి గంట, చేతనైతే కొంచెం ఎత్తుపల్లాలున్న బాటలో. చంద్రగిరి చుట్టుపక్కల, చిత్తూరు దగ్గర పొలాల మధ్య బండిబాటలు దీనికి బాగుంటాయి. నడకతో ఏమొస్తుందిలే అనుకోవద్దు. గుర్రానికి ఊపిరి త్వరగా పెరుగుతుంది, కాళ్ళ నరాలు (టెండన్లు), కీళ్ళు గట్టిపడడానికే చాలాకాలం పడుతుంది. చాలా కుంటులు ఈ తేడా తెలియకపోవడం వల్లే వస్తాయి.

మూడు, నాలుగు వారాల్లో మధ్యమధ్య ఐదేసి నిమిషాల ట్రాట్ కలపండి. ఐదో వారం నుంచి వారానికి రెండుసార్లు క్యాంటర్: మూడు నిమిషాలు వెళ్ళి, మూడు నిమిషాలు నడిపించి, మళ్ళీ. ఇలా మూడు విడతలు. ఆపాక పది పదిహేను నిమిషాల్లో గుండె వేగం 64 కంటే కిందికి రావాలి. ఎండ్యూరెన్స్ (దూరపు స్వారీ) పోటీల్లో వైద్యులు చూసే అంకె ఇదే. రాకపోతే మరుసటి వారం పెంచకండి. దూకుళ్ళు వారానికి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు. ఎనిమిదో వారం సగం పని చాలు.

నేల గురించి రెండు మాటలు. మన ఎర్రనేల వాన పడ్డ రెండో రోజు పరుపులా ఉంటుంది, మార్చి వచ్చేసరికి బండలా మారుతుంది. గట్టినేల మీద క్యాంటర్ కాళ్ళను అరగదీస్తుంది. అలాగని స్వర్ణముఖి ఇసుకలోకి దిగి పరిగెత్తించకండి. లోతు ఇసుకలో నరాలు సాగుతాయి, ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు. శేషాచలం రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్ళొద్దు. ఎర్రచందనం కాపలా ఉన్న చోట ఉదయం ఐదింటికి గుర్రాలేసుకుని తిరిగితే ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. పొలాల అంచున ఇంకో ప్రమాదం, అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా పెట్టే కరెంటు తీగ. కొత్త పొలంలో అడుగు పెట్టేముందు రైతును స్వయంగా అడగండి. "అన్నా, ఈ గట్టు మీద పోవచ్చా?" అంటే బావి ఎక్కడుందో, తీగ ఎక్కడుందో ఆయనే చెబుతాడు.

ఎండ లెక్క కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో తీసుకుని దానికి గాలిలో తేమ శాతం కలపండి. 130 లోపు ఉంటే నిశ్చింత. 150 దాటితే చెమట ఆరక ఒళ్ళు చల్లబడడం కష్టమవుతుంది. 180 అయితే స్వారీ మాటే ఎత్తకూడదు. జనవరి ఉదయం 75 డిగ్రీలు, 65 శాతం తేమ ఉందనుకుంటే 140, బాగానే ఉంది. వాన ముసిరిన అక్టోబరు మధ్యాహ్నం 90కి 75 కలిస్తే 165. పోటీ డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు, అదీ ఉదయం తొమ్మిదిలోగా ముగిసేలా పెట్టుకోమనేది ఇందుకే. పని చేసినా చెమట పట్టకుండా, ఒళ్ళు పొడిగా ఉండి ఎగశ్వాస తీస్తుంటే వెంటనే దిగి నీళ్ళు పోయండి, డాక్టర్ని పిలవండి. ఉక్కపోత ప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట గ్రంథులే పనిచేయడం మానేస్తాయి.

గుంపులో స్వారీ: అసలు పరీక్ష ఇక్కడే

ఒంటరిగా బంగారంలాంటి గుర్రం నలుగురిలో దయ్యం పట్టినట్టు ప్రవర్తించవచ్చు. గుర్రం మంద జంతువు. పక్కవాళ్ళు పరిగెత్తితే ఎందుకని అడగదు, తానూ పరిగెత్తుతుంది. సాధనలో సగం సమయం దీనికే ఇవ్వండి.

మొదట నడకలో, ఒకరి వెనక ఒకరు. మీ గుర్రం చెవుల మధ్య నుంచి చూస్తే ముందు గుర్రం వెనక మడమలు కనబడాలి. కనబడకపోతే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. ట్రాట్‌లో రెండు గుర్రాల ఎడం, క్యాంటర్‌లో నాలుగు, అడ్డంకి దగ్గర ఇంకా ఎక్కువ. ముందు గుర్రం అవతల జారి పడితే మీకు పక్కకు తిప్పుకునే చోటు ఉండాలి.

తర్వాత స్థానాలు మార్చుకోవడం. ఆఖరి గుర్రం నిదానంగా పక్కనుంచి వచ్చి అందరికంటే ముందుకు చేరుతుంది, ఆపై మళ్ళీ ఆఖరిది. నడకలో అందరూ శాంతంగా ఉన్నాకే ట్రాట్‌లో చేయండి. రిటైరైన రేసు గుర్రం అసలు రంగు ఇక్కడ బయటపడుతుంది.

మూడోది కష్టమైనది: ఇద్దరు నిలబడాలి, ఒకరు వంద మీటర్లు వెళ్ళిపోయి తిరిగి రావాలి. నిలబడ్డ గుర్రం సకిలిస్తుంది, గిట్టతో నేల తవ్వుతుంది, గిర్రున తిరుగుతుంది. కోప్పడకుండా చిన్న వృత్తాల్లో నడిపించి మళ్ళీ నిలబెట్టండి. వెళ్ళిన గుర్రం తిరిగొచ్చేటప్పుడు పరిగెత్తకూడదు. వెనక్కి వచ్చే దారి ఎప్పుడూ నడకే అనేది జట్టు చట్టం చేసుకోండి.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని సామెత. నిజమే, కానీ గట్టిగా ఉండడమంటే పగ్గాలు పట్టి వేలాడడం కాదు. రెండు పగ్గాలూ ఒకేసారి గుంజితే గుర్రానికి ఆనుకోవడానికి ఆధారం దొరికినట్టే, ఇంకా లాగుతుంది. లాగి వదలండి, లాగి వదలండి. చోటుంటే పెద్ద వృత్తంలోకి తిప్పి, వృత్తాన్ని తగ్గించుకుంటూ రండి. ఇది నలుగురూ రింగులో క్యాంటర్‌లో చేసి చూపించాలి. చేయలేకపోతే దూకుళ్ళ దాకా వెళ్ళొద్దు.

కేకలు ముందే ఖాయం చేసుకోండి, ఒక్కో మాటే ఉండాలి. "నిదానం" అంటే అందరూ ఒక మెట్టు తగ్గాలి. "గుంత ఎడమ" అంటే ఎడమవైపు గుంత ఉందని. "ఆగు" అంటే ఎందుకని అడక్కుండా ఆగాలి. ఎవరైనా పడితే మొదట చూసినవాళ్ళు "ఆగు" అని అరవాలి, అందరూ నడకకు రావాలి, ఒకరు మాత్రం దిగి దగ్గరికి వెళ్ళాలి. రౌతు లేకుండా విడిపోయిన గుర్రాన్ని తరమకండి. మిగతావి నిలబడితే అదే వచ్చి చేరుతుంది.

ఒక గుర్రం మొరాయిస్తే? మిగతావాళ్ళు అడ్డంకి ముందు గుమిగూడకుండా, దాటి ముప్పై మీటర్లు వెళ్ళి నడకలో తిరుగుతూ ఉండాలి. ఆఖరి రౌతు ఇవతలే ఉండి, తను ముందు దూకి దారి చూపించాలి. ఆఖర్న నిబ్బరమైన గుర్రాన్ని పెట్టమన్నది ఇందుకే.

అడ్డంకులు

ఇంట్లో సాధనకు ఖర్చేమీ అక్కర్లేదు. కొబ్బరి మొద్దు, సరుగుడు కర్రలు, గడ్డి కట్టలు, రెండడుగుల వెడల్పు కాలువ సరిపోతాయి. మొద్దు దొర్లకుండా రెండువైపులా మేకులు దిగ్గొట్టండి. గుర్రం మెడకు పాత రికాబు తోలు ఒకటి కట్టి, దూకేటప్పుడు దాన్ని పట్టుకోండి. లేకపోతే తూలినప్పుడల్లా దాని నోరు గుంజుతారు. నాలుగుసార్లు నోరు నొచ్చిన గుర్రం ఐదోసారి దూకదు.

కాలువ దగ్గర కిందికి చూడొద్దు, అవతలి గట్టు మీద చెట్టును చూడండి. దిగుడు గట్టు మీద భుజాలు వెనక్కి, మడమలు కిందికి, పగ్గాలు వేళ్ళ మధ్య నుంచి జారనివ్వండి.

నీళ్ళకు ఓపిక కావాలి. అడుగు గట్టిగా ఉండి, 30 సెంటీమీటర్ల లోతు మించకూడదు. చెరువు ఒండ్రు పనికిరాదు. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు గుర్రం అంచు దగ్గర ఆగి, మెడ చాచి, ముక్కుపుటాలు వెడల్పు చేసి బుస్సున ఊదుతుంది. నీళ్ళు కదిలితే అడుగు వెనక్కి వేస్తుంది. అప్పుడు మడమలతో పొడవకండి, వెనక్కి తిరగనివ్వకండి కూడా. కాసేపటికి ఒక గిట్ట ముంచుతుంది, నీళ్ళు చిమ్ముతాయి, ఉలిక్కిపడి మళ్ళీ ముంచుతుంది. రెండో గిట్ట దిగాక మెడ మీద తట్టి, ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. అలవాటైన గుర్రం పక్కనుంటే పని సగమవుతుంది. ఒకటి మాత్రం, నీళ్ళలో గిట్టతో తవ్వుతూ మోకాళ్ళు మడుస్తోందంటే పడుకోబోతోంది. ముందుకు తోలండి.

మామిడితోటల్లో చాలామందికి తట్టని సంగతి వెలుగు. ఎండలోంచి నీడలోకి వచ్చినప్పుడు గుర్రం కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. తోట అంచున నీడలో ఉన్న మొద్దు దానికి చివరిదాకా సరిగ్గా కనబడదు. అలాంటి చోట ట్రాట్‌కు తగ్గి, సూటిగా ఎదురు వెళ్ళండి. కిందికి వంగిన కొమ్మలు, చెట్ల పాదులు, డ్రిప్ పైపులు కూడా చూసుకోవాలి. పైపులు ముందు రోజే చుట్టి పక్కన పెట్టమని తోట యజమానిని అడగండి.

ఒంటి మీద ఏముండాలి

హెల్మెట్ గుర్రపు స్వారీకే చేసినది కావాలి, బైకుది పనికిరాదు. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163 లేదా వీజీ1 అనే భద్రతా గుర్తు చూడండి. ఒకసారి పడి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చాలి. క్రాస్‌కంట్రీకి ఛాతీ, వీపు కప్పే బాడీ ప్రొటెక్టర్ తప్పనిసరి, ఈఎన్ 13158 లెవెల్ 3 ఉన్నది మేలు. చిన్న మడమ ఉన్న బూట్లు, చేతి తొడుగులు. ధనుర్వాతం ఇంజెక్షను మీకూ అవసరమే. గుర్రం ముందుకాళ్ళకు టెండన్ బూట్లు వేయండి. ఏ వస్తువూ పోటీ రోజు మొదటిసారి వాడొద్దు.

ట్రాక్ నడవడం

రెండుసార్లు నడవాలి. మొదటిసారి ఒంటరిగా, గుర్రం కళ్ళతో. దానికి ఏది వింతగా ఉంటుంది? మెరిసే ప్లాస్టిక్ సంచి, ఎగిరే ఫ్లెక్సీ, కంచె అవతలి కుక్క. రెండోసారి జట్టంతా కలిసి, వీలైతే మీరు స్వారీ చేసే గంటకే. ఉదయం ఏడున్నరకు తూర్పుకు ఎదురుగా ఉన్న మొద్దు సాయంత్రం చూసినప్పటిలా ఉండదు.

ప్రతి అడ్డంకికి కుడివైపు ఎర్ర జెండా, ఎడమవైపు తెల్ల జెండా ఉంటాయి, మీరు మధ్యలోంచి వెళ్ళాలి. జట్టులో ఒకరు పొరపాటున వెనకనుంచి దూకినా అందరి శ్రమా వృథా. రెండు అడ్డంకులు దగ్గరగా ఉంటే అడుగులు వేసి కొలవండి. మీ పెద్ద అడుగు 90 సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగు అడుగులు గుర్రం ఒక క్యాంటర్ అంగ. దిగడానికి రెండడుగులు, ఎగరడానికి రెండడుగులు తీసేయాలి. మధ్యలో ఎనిమిది అడుగులు వస్తే ఒక అంగ, పన్నెండు వస్తే రెండు. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకు, పొట్టి గుర్రాలకు ఇది కొంచెం తగ్గుతుంది.

ఎక్కడ నడక, ఎక్కడ ట్రాట్, ఎక్కడ క్యాంటర్ అన్నది అక్కడే నిలబడి తేల్చుకోండి. గుర్తులు పెట్టుకోండి: వేపచెట్టు దాకా ట్రాట్, పంపుసెట్టు రూము దాటాక క్యాంటర్, బావి మలుపులో ఒకరి వెనక ఒకరు. దారిని నాలుగు భాగాలు చేసి ఒక్కో చోట వాచీ ఎంత చూపించాలో ముందు రౌతు మణికట్టు మీద పెన్నుతో రాసుకోవాలి. చుట్టి వెళ్ళే దారులు కూడా నడిచి చూడండి. అనుమానపు గుర్రం రౌతు ఏ అడ్డంకి వద్దంటే అది వద్దు, దాని మీద వాదన పెట్టుకోవద్దు.

ముందు రోజు, పోటీ రోజు

లారీ ఎక్కించడం వారం ముందే రెండుసార్లు సాధన చేయండి. మన దగ్గర ర్యాంపు ఉన్న బండ్లు తక్కువ. లారీని మట్టిగట్టుకు ఆనించి ఎక్కిస్తాం. గట్టుకీ లారీకీ మధ్య సందు లేకుండా పలక వేసి, లోపల జారకుండా ఇసుక, గడ్డి పరవండి. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లే అయినా తెల్లవారుజామునే బయలుదేరి, స్వారీకి రెండు మూడు గంటల ముందు చేరాలి. నీళ్ళు డ్రమ్ముల్లో మీరే పట్టుకెళ్ళండి. కొత్తచోటి బోరు నీళ్ళ రుచి నచ్చక కొన్ని గుర్రాలు అసలు తాగవు.

దాణా స్వారీకి నాలుగు గంటల ముందే అయిపోవాలి, గడ్డి కొంచెం పరవాలేదు. ఫోన్‌లో పశువైద్యుడి నంబరు, 108, సంచార పశువైద్యానికి 1962 ఉంచండి. తోట నుంచి రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో దారి ఎటో డ్రైవరుకు ముందే చెప్పండి.

వార్మప్ అరగంట: పది నిమిషాలు నడక, తర్వాత ట్రాట్, కొద్దిగా క్యాంటర్, మూడు నాలుగు చిన్న దూకుళ్ళు. జీను పట్టీ మళ్ళీ బిగించండి, మొదట ఉబ్బిన పొట్ట ఇప్పుడు తగ్గి ఉంటుంది. గీత దగ్గర గుర్రాలను నిలబెట్టి ఉంచితే టెన్షన్ పెరుగుతుంది, పిలిచేదాకా చుట్టూ నడిపిస్తూ ఉండండి. మొదటి రెండు అడ్డంకులు ట్రాట్‌లోనే దాటండి. అక్కడ పోయిన పది సెకన్లు తర్వాత వాటంతటవే వస్తాయి. పక్క జట్టు ఎంతలో వచ్చిందో ఎవరైనా చెప్పబోయినా వినొద్దు.

గీత దాటాక ఠక్కున ఆపకుండా ట్రాట్‌కు, ఆపై నడకకు తెండి. దిగి పట్టీ వదులు చేసి, నీడలో ఒళ్ళంతా చల్లటి నీళ్ళు ఆపకుండా పోస్తూ ఉండండి. మెడ, ఛాతీ, తొడల లోపలి భాగం ముఖ్యం. వేడి మీదున్న గుర్రానికి నీళ్ళు తాగిస్తే శూల వస్తుందని మన వైపు గట్టి నమ్మకం. అది నిజం కాదు, తాగనివ్వండి. అరగంట గడిచినా శ్వాస దిగకపోయినా, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరిగినా డాక్టరుకు చూపించండి. తొడ కండరాలు రాయిలా బిగుసుకుని, మూత్రం కాఫీ రంగులో వస్తే ఒక్క అడుగు కూడా నడిపించకుండా ఉన్నచోటే నిలబెట్టి డాక్టర్ని రప్పించండి.

సాయంత్రం నాలుగు కాళ్ళనూ చేత్తో పైనుంచి కిందికి తడమండి. వేడి, వాపు ఒక కాలికే ఉంటే చల్లనీళ్ళు పట్టండి. మరునాడు ఉదయం గట్టి నేల మీద, చేతిలో తాడుతో పట్టుకుని ట్రాట్ చేయించి చూడాలి. అడుగు పడ్డప్పుడల్లా తల పైకి లేస్తుంటే ఆ ముందుకాలు నొస్తున్నట్టు. ఏమీ లేకపోతే ఒక రోజు పూర్తి సెలవు, రెండు రోజులు వట్టి నడక, ఆపై మామూలు పని. సైస్‌కు ఆ రోజు కూలి కాక ఇవ్వాల్సింది అదే సాయంత్రం చేతిలో పెట్టండి, జట్టు నలుగురూ సమానంగా వేసుకుని.